మూడవ పడక

అతిథి గడపలో అడుగుపెట్టగానే మన ఇళ్లలో మొదట కదిలేది పొయ్యి. కోడి కోయాలా, మాంసం తేవాలా, చిన్నపిల్లలకు కారం తగ్గించి వేరుగా వండాలా అన్న చర్చ వంటింట్లో క్షణాల్లో తేలిపోతుంది. వచ్చినవారు రాత్రికి ఎక్కడ పడుకుంటారన్న ప్రశ్న మాత్రం ఇషా నమాజు ముగిసి, దస్తర్‌ఖాన్ మడిచి, పళ్లేలు కడిగిన తరువాత గానీ ఎవరికీ తట్టదు. అప్పుడు అటక మీది నుండి బొంత దిగుతుంది. దిండు కోసం ఒక గది నుండి మరో గదికి పిల్లలను పరుగెత్తిస్తారు. అతిథి మొహమాటపడుతూ, "నాకేమీ వద్దు, ఇక్కడే ఇట్లా ఒరుగుతాను" అంటాడు. ఆ మాటను మనమూ సంతోషంగా నమ్మేస్తాము.

ఆతిథ్యం గురించి మన ధర్మం చెప్పిన విషయాలలో భోజనానికి సంబంధించినవి అందరికీ కంఠస్థమే. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) తన ఇంటికి వచ్చిన ముక్కూ మొహమూ తెలియని అతిథుల కోసం సడి చేయకుండా లోపలికి వెళ్లి బలిసిన దూడ మాంసం వండించి తెచ్చిన వృత్తాంతం దివ్య ఖుర్‌ఆన్‌లోని 51వ సూరాలో ఉంది. పడకకు సంబంధించిన హదీసు అంతగా వినబడదు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇంట్లో పురుషునికి ఒక పడక, అతని భార్యకు ఒక పడక, మూడవది అతిథికి అనీ, నాలుగవది షైతానుకు చెందుతుందనీ దైవప్రవక్త (స) తెలిపారు. అవసరానికి మించి, ప్రదర్శన కోసం సమకూర్చుకునే దానినే నాలుగవ పడకగా అర్థం చేసుకోవాలని ఇమాం నవవీ (రహ్మలై) వంటి వ్యాఖ్యాతలు వివరించారు. ఈ హదీసును ఎక్కువగా దుబారాను ఖండించే ప్రసంగాలలో ఉదహరిస్తారు. అది సబబే. కానీ మా దృష్టి ఎప్పుడూ మూడవ పడక దగ్గరే ఆగుతుంది. ఆడంబరాన్ని వద్దంటున్న ఆ లెక్కలోనే అతిథి పడక అవసరాల జాబితాలోకి చేరింది. అది మిగిలితే ఇచ్చేది కాదు, ఇల్లు కట్టుకున్నప్పుడే ఉండవలసినది.

మాది చాపాడు. ప్రొద్దుటూరుకూ మైదుకూరుకూ నడుమ, కె.సి. కాలువ నీటితో వరి పండే ప్రాంతం. ఊరి పేరులో 'చాప' వినిపిస్తుంది గనుక, వచ్చినవారికి చాప పరచడం తప్ప మాకు ఇంకేమీ చేతకాదని జమ్మలమడుగు బంధువులు పరిహాసమాడతారు. ఊరి పేరుకు అసలు మూలం అది కాకపోవచ్చు. పరిహాసానికి మూలంతో పనిలేదు. బంగారం కొనడానికీ, పెళ్లి బట్టలు తీయడానికీ, వైద్యునికి చూపించుకోవడానికీ ప్రొద్దుటూరుకు వచ్చే మా చుట్టాలలో చాలామందికి రాత్రి మజిలీ మా ఇల్లే. రెండు గదులు, ఒక వసారా, పైన మిద్దె. ఎండాకాలంలో ఇబ్బంది లేదు. మగవారంతా మిద్దె ఎక్కుతారు, ఆడవారు లోపలి గదిలో సర్దుకుంటారు. వానాకాలంలోనూ చలికాలంలోనూ లెక్క మారుతుంది.

పడక గురించి ఇంతగా ఆలోచించడానికి మాకు మరొక కారణం కూడా ఉంది. మేము దూదేకులవారం. కాగితాలలో నూర్‌బాషా అని కూడా రాస్తారు. తెలుగే ఇంటి భాషగా గల ముస్లింలం. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో మా పేరు 'బి' వర్గంలో ఉంది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథం దక్షిణ భారతదేశంలోని కులాలను వర్ణిస్తూ, 1901 మద్రాసు జనాభా లెక్కల నివేదిక ఆధారంగా, దూదేకులవారు దూదిని శుభ్రపరచేవారనీ, తాళ్లూ పట్టీలూ తయారు చేసేవారనీ పేర్కొన్నది. ఈ మూడు పనులను పక్కపక్కన పెట్టి చూడండి. ఏకిన దూదితో పరుపు, తాడుతో నులక మంచం, పట్టీతో నవారు మంచం. ఊరివారి నిద్ర అంతా మా పూర్వికుల చేతుల మీదుగా నడిచింది. మా తాత భుజాన విల్లు వేసుకొని ఊరూరా తిరిగేవాడు. గట్టిపడిన పరుపును విప్పి, దూదిని ఎండలో ఆరబోసి, వింటి నారిని కొయ్య పనిముట్టుతో మోగిస్తూ ఏకితే, ఉండలు కట్టిన దూది తెల్లని నురగలాగా లేచేదట. సాయంత్రానికి దానిని మళ్లీ సంచిలో నింపి దబ్బనంతో కుట్టి ఇచ్చేవాడు. దుమ్ము మాత్రం ఊపిరితిత్తులలో మిగిలేది. పరుపుల యజమానులు మెత్తగా నిద్రపోయే వేళ తాత వసారాలో కూర్చొని దగ్గేవాడని మా నాయన చెబుతారు. యంత్రాలు వచ్చాక విల్లు గోడకెక్కింది, ఆ తరువాత అటకకు చేరింది.

మా నాయన తోడబుట్టినవారిలో ఇప్పుడు మిగిలినది ఒక్కరే, మా మేనత్త. పులివెందుల వైపు ఒక పల్లెలో ఉంటుంది. వయసు 74. మోకాళ్ల నొప్పులకు ప్రొద్దుటూరులో చూపించుకోవడానికి రెండు మూడు నెలలకొకసారి వస్తుంది. గతంలో వస్తే రెండు రాత్రులైనా నిలిచేది. నాయనా, ఆమే ఇషా తరువాత మాటలు మొదలుపెడితే మేమంతా నిద్రపోయినా ముగిసేవి కావు. తాత విల్లు, కరవు రోజులు, పోయిన తమ్ముళ్లు, ఎవరి పెళ్లికి ఎవరు అలిగారన్న ముచ్చట్లు. అటువంటి మాటలు పగటిపూట రావు. కొన్నాళ్లుగా ఆమె రావడం మానలేదు గానీ రాత్రి నిలవడం మానింది. వైద్యుని వద్ద నుండి నేరుగా వచ్చి, అన్నం తిని, గంటసేపు కూర్చొని, అస్ర్ కాగానే బస్సుకు లేచేది. ఏమి అడిగినా కోళ్లున్నాయనో, మేకలున్నాయనో చెప్పేది. 80 దాటిన మా నాయన ఆమె వెళ్లిన తరువాత చాలాసేపు వసారాలోనే కూర్చునేవారు.

అసలు సంగతి జమ్మలమడుగులో ఒక పెళ్లింట బయటపడింది. రాత్రి ఆడవారంతా పెద్ద జంపఖానా మీద వరుసగా పడుకున్నారు. మేనత్త మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొనే తెల్లవార్చింది. మా అమ్మాయి ఫజ్ర్ వేళ దగ్గరకు వెళ్లి అడిగితే, "కింద పండుకుంటే లేసేటప్పుడు ఇద్దరు పట్టుకోవాల పాపా. రాత్రి రెండుతూర్లు లెయ్యాల. ఇంతమందిని లేపేదానికన్నా కుర్చీనే మేలు" అన్నదట. ఆ ఒక్క మాటతో కోళ్లూ మేకలూ అన్నీ అర్థమయ్యాయి. ఎవరికీ భారం కాకూడదని ఆమె తన అన్న ఇంటి రాత్రులను వదులుకున్నది.

ఇంట్లో మంచాలు లేవా అంటే ఉన్నాయి. అవి మావి. వాటి మీద పడుకోమంటే ఆమె ఒప్పుకోదు. ఇంటివారిని నేల మీదికి దింపి తాను మంచమెక్కడం మా తరపు పెద్దలకు రాని విద్య. అతిథి కోసమే ఉన్న పడక అయితే తప్ప ఆమె నిలవదని తేలిపోయింది. అక్కడి నుండి మా ఇంట్లో మంచాల పరిశోధన మొదలైంది.

మొదట పిల్లలు సూచించినది సోఫా కమ్ బెడ్. పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి. ప్రొద్దుటూరులో ఒక దుకాణానికి వెళ్లి చూశాము. కూర్చుంటే ఎంతో మెత్తన. విప్పి పడుకొని చూస్తే నడుము కింద అతుకు తగులుతుంది. అదీగాక విప్పిన తరువాత అది నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. వయసులో ఉన్నవారికి ఒకటి రెండు రాత్రులకు పనికివస్తుంది, మోకాళ్లు లేనివారికి పనికిరాదు. పైగా ముందు గదిలో అందరూ మాటలు ముగించి లేచేదాకా దానిని విప్పడానికి వీలుకాదు. అలసిన ముసలావిడ పదిమంది ఎప్పుడు లేస్తారా అని కాచుకోవాలి.

ఇనుప మడత మంచం చవక, తేలిక, గోడకు ఆనిస్తే చోటు పట్టదు. పెళ్లిళ్లకు నాలుగైదు అద్దెకు తెచ్చుకోవడం మా వైపు మామూలే. కానీ అంచున కూర్చుంటే నైలాన్ పట్టీ కిందికి కుంగి, గొట్టం తొడల కింద ఒత్తుకుంటుంది. లేవాలంటే ఆ గొట్టాన్ని దాటుకొని ముందుకు రావాలి. మడతపెట్టే మంచం కొనదలచిన వారికి మేము చెప్పేది ఒకటే. దాని మీద పడుకొని చూడవద్దు, అంచున కూర్చొని, చేతులు కట్టుకొని, ఎవరి సాయమూ లేకుండా లేచి చూడండి. పడుకోవడానికి ఏ మంచమైనా బాగానే ఉంటుంది. పరీక్ష అంతా లేవడంలోనే.

గాలి పరుపు కథ వేరు. మా జిల్లాలో కువైట్‌లో పనిచేసేవారు లేని పల్లె అరుదు. మా బావమరిది కూడా అక్కడి నుండి వస్తూ ఒక గాలి పరుపు తెచ్చాడు. దానితోపాటు, కడప ఎండలకు ఎవరూ కప్పుకోలేని రెండు బరువైన కంబళ్లు కూడా. పరుపు ఊదడం పిల్లలకు పండుగే. అర్ధరాత్రి దాటాక అది నెమ్మదిగా నీరసించి, తెల్లవారేసరికి పడుకున్నవారి వీపు నేలకు ఆనింది. కంబళ్లు మాత్రం అక్కరకు వచ్చాయి. వాటిని మడిచి చాప మీద పరిస్తే పిల్లలకు ఇంతకన్నా మంచి పక్క లేదు.

అటక మీద తాత కాలపు నవారు మంచం ఒకటి ఉంది. పట్టెలు గట్టివి, కోళ్లు ఇప్పటికీ కదలవు. నాయనకు దాని మీద మమకారం. కాళ్ల వైపు తాడు బిగించి వేసి చూశాము. వేసవిలో దాన్ని మించిన పడక లేదు, కింది నుండి గాలి ఆడుతుంది. అయితే నవారుకు నడుమ ఒరగడం స్వభావం. పడుకున్నవారు ఊయలలో ఉన్నట్లు ఉంటారు, లేచేటప్పుడు నడుము గుంతలో నుండి పైకి రావాలి. మోకాళ్లు బాగున్నవారికి అది సుఖం, మేనత్తకు శిక్ష. దానిని మిద్దె కోసం ఉంచుకున్నాము.

ఇన్నింటి తరువాత మా అమ్మాయి ఒక తెలివైన పని చేసింది. మేనత్త మా ఇంట్లో ఏ కుర్చీ నుండి సునాయాసంగా లేస్తుందో గమనించి, ఆ కుర్చీ ఎత్తును దర్జీ టేపుతో కొలిచింది. నేల నుండి 17 అంగుళాలు. పాదాలు పూర్తిగా నేలకు ఆని, మోకాళ్లు తొడలతో సమంగా ఉండే ఎత్తు అదే. ఇక మిగిలినది లెక్క. పలకల ఎత్తు 14 అంగుళాలు, దాని మీద అంగుళం మందం కొబ్బరిపీచు పరుపు, ఆపైన 3 అంగుళాల దూది పరుపు. మనిషి కూర్చుంటే అంగుళం కుంగుతుంది. సరిగ్గా 17. వెడల్పు 3 అడుగులు, పొడవు ఆరుంబావు అడుగులు, ఎందుకంటే మేనత్త ఒక్కతే మా అతిథి కాదు. వేపకొయ్యతో, ఇద్దరు ఎత్తి పక్క గదికి మార్చగలిగినంత బరువులో చేయించాము. పెట్టెలున్న దివాన్ అయితే సామాన్లు దాచుకోవచ్చని ఇంట్లో ఒక వాదన వచ్చింది. కదలని మంచం గదిని ఏలుతుందని అది వీగిపోయింది. వడ్రంగి కూడా ఆశ చూపాడు. కొయ్య మిగిలిందనీ, జతగా ఇంకొకటి చేస్తే గదికి అందమనీ అన్నాడు. నాలుగవ పడక విషయం ఆయనకు తెలియదు పాపం. మేము నవ్వి వద్దన్నాము.

పరుపు దగ్గర మాత్రం మేము పట్టుపట్టాము. ఫోమ్ పరుపు తేలిక, శుభ్రం చేయడం సులువు, నిజమే. కానీ మా వైపు మే నెల రాత్రి దాని మీద పడుకుంటే వీపు తడిసిపోతుంది. పైగా మరీ మెత్తని పరుపులో మనిషి కూరుకుపోతాడు, పక్కకు తిరగడానికే బలం కావాలి. దైవప్రవక్త (స) వారి పరుపు ఖర్జూరపు పీచు నింపిన తోలు సంచి అని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన హదీసు ఉంది. కొబ్బరిపీచు పరుపును ముట్టుకున్నప్పుడల్లా మాకు అది గుర్తుకువస్తుంది. పీచు మీద దూది వేస్తే గట్టిదనమూ ఉంటుంది, ఒత్తుకోవడమూ ఉండదు. ప్రొద్దుటూరులో యంత్రం పెట్టుకున్న మా బంధువు ఒకాయన 10 కిలోల దూది ఏకి నింపి ఇచ్చాడు. దిండుకు బూరుగు దూది. తేలికగా ఉంటుంది గానీ త్వరగా అణిగిపోతుంది, కనుక పరుపుకు పనికిరాదు. దూది పరుపుకు ఒక చాకిరి తప్పదు. నెలకొకసారైనా ఎండలో వేసి, రెండు వైపులా తిప్పి, కర్రతో తట్టాలి. లేకుంటే ఉండలు కడుతుంది. పడుకోబోయే ముందు పక్కను దులుపుకోవాలన్న సున్నత్ ఎలాగూ ఉంది.

మంచం ఎక్కడ వేయాలన్నది మంచం కొనడమంత పెద్ద ప్రశ్న. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తరువాత, ఈ మూడు సమయాలలో ఇంటి పిల్లలు సైతం అనుమతి అడిగి లోపలికి రావాలని నూర్ సూరా 58వ వాక్యం నిర్దేశిస్తున్నది. ఇంటివారికే అంత మరుగు అవసరమైనప్పుడు పరాయి ఇంట్లో పడుకున్న అతిథికి ఎంత అవసరమో వేరే చెప్పాలా? మగ అతిథి వస్తే మంచం ముందు గదిలో, ఆడవారు వస్తే లోపలి గదిలో. రెండు చోట్లా అడ్డంగా తీగ కట్టి తెర వేలాడదీశాము. స్నానాలగదికి వెళ్లే దారిలో గడప తగలకూడదు, దీపం మీట పడుకున్నచోటి నుండే అందాలి, వజూ నీళ్లు దగ్గర ఉండాలి. కాలువ పక్క ఊరు గనుక దోమతెర లేకుండా పడక పూర్తికాదు. ఇక దిక్కుల సమస్య. మాకు ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది, అటు కాళ్లు చాపడం మన పెద్దలు మర్యాదగా భావించరు. ఉత్తరానికి తల పెట్టకూడదని ఇరుగుపొరుగు వారి పట్టింపు. రెండింటినీ మన్నిస్తే తల దక్షిణానికో పడమరకో పెట్టాలి. దక్షిణానికి పెట్టాము. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

హిజ్రత్ చేసి మదీనా చేరిన దైవప్రవక్త (స)కు తన ఇంట ఆతిథ్యమిచ్చిన హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) వృత్తాంతం ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేము. ప్రవక్త (స) కింది అంతస్తులో బస చేశారు. ఒక రాత్రి పైన నీటి కుండ పగిలింది. నీళ్లు కిందికి కారి ఆయనకు ఇబ్బంది కలుగుతుందేమోనని ఆ దంపతులు తమకున్న ఒకే ఒక దుప్పటితో నేలను అద్దారు. వారి వద్ద మంచి పడక ఉందో లేదో ఆ కథనంలో లేదు. కింద నిద్రిస్తున్నవారి నిద్ర చెడకూడదన్న ఆరాటం ఉంది. మా మేనత్త కుర్చీలో తెల్లవార్చినప్పుడు ఆమె ఆరాటమూ అటువంటిదే, అతిథి అయి ఉండి కూడా.

మంచం సిద్ధమైన తరువాత ఆమెకు ముందుగా ఏమీ చెప్పలేదు. వైద్యుని వద్ద నుండి వచ్చి, అన్నం తిని, యథాప్రకారం అస్ర్ తరువాత సంచి చేతికి తీసుకుంది. మా అమ్మాయి లోపలి గదికి తీసుకువెళ్లి మంచం చూపించి, "జేజీ, ఒకసారి కూర్చో" అన్నది. కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ ఎవరూ పట్టుకోకుండానే లేచింది. "ఎవరిది ఈ మంచం?" అని అడిగింది. "వచ్చినోళ్లది" అన్నారు మా నాయన గడప అవతలి నుండి. ఆమె సంచి కింద పెట్టింది.

ఆ రాత్రి ఇద్దరి మాటలూ ఎప్పుడు ఆగాయో మాకు తెలియదు. ఫజ్ర్‌కు ఆమె అందరికన్నా ముందే లేచి వజూ చేసుకుంది. తెల్లవారాక పరుపును పిడికిలితో అక్కడక్కడా ఒత్తి చూసి, "ఏకినోడు ఎవురురా అబ్బీ? ఈ మూల దూది తక్కువేసినాడు" అన్నది. దూదేకులవాని కూతురికి అది చెప్పకుండా తెలుస్తుంది. దబ్బనం తెప్పించుకొని, మంచం మీదే కూర్చొని, మూల కుట్టు విప్పి, పక్కనున్న దూదిని వేళ్లతో లాగి సర్ది, మళ్లీ కుట్టింది. మూడవ రోజు సాయంత్రం బస్సుకు బయలుదేరుతూ, అతిథి మర్యాద మూడు దినాలేననీ ఆపైన పెట్టేదంతా దానమనీ హదీసు గుర్తుచేసి, "దానం తినేంత కరువు నాకింకా రాలేదు" అని నవ్వింది. వచ్చే నెల మళ్లీ చూపించుకోవాలట. ఆ లోపల దోమతెర కర్రలు ఇంకొంచెం పొడుగువి వేయించమని చెప్పి వెళ్లింది.